చెరపకు, గీత కొట్టు

 

నేను విమానాల ప్రొపెల్లర్లు చూసే ఇంజనీరును. రన్‌వే మీది చిన్న రాయి తగిలినా బ్లేడు అంచున గాటు పడుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే గాటును ఆకురాయితో నున్నగా అరగదీసి, ఎంత లోహం తీశామో లాగ్‌బుక్కులో రాస్తాం. ప్రొపెల్లరును వేరే విమానానికి బిగిస్తే ఆ పుస్తకమూ వెంట వెళుతుంది. అందులో లెక్క తప్పితే తర్వాతివాడు హద్దు దాటి అరగదీస్తాడు. గాలిలో బ్లేడు విరగవచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొలత తప్పు రాశాను. నామోషీ అనిపించి వైట్‌నర్ చేతిలోకి తీసుకున్నాను. తొమ్మిదో తరగతిలో నా సైన్సు రికార్డు దిద్దుతూ మాష్టారన్న మాట గుర్తొచ్చింది: "చెరపకురా, ఒక్క గీత కొట్టు. పక్కన సరైనది రాయి."

అలాగే గీత కొట్టి, సరైన కొలత రాసి, సంతకం పెట్టాను. నా తప్పు ఆ పేజీలో ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాతి ఇంజనీరు ఆ పేజీని నమ్మగలిగేది అందుకే.

మాష్టారూ, మీకు నా నమస్కారం.