పరిశోధనశాల గడప దాకా మన పిల్లలు
(కామారెడ్డిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహార సూక్ష్మజీవశాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం అనగానే అవి మనకు అందని చదువులని భావిస్తాం. కాని రాత్రిపూట గోరువెచ్చని పాలలో తోడు వేసే ప్రతి తల్లికీ ఆ శాస్త్రంతో పరిచయం ఉంది. తోడులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది, పాలు పెరుగవుతాయి. ఆ జాతి బాక్టీరియాపైనే మన రాష్ట్రంలో జరిగిన ఒక కృషిని మీ ముందుంచుతున్నాం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో లాక్టోబాసిల్లస్ అమైలోఫిలస్ జీవీ6 అనే బాక్టీరియాపై ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. లాక్టిక్ ఆమ్లం తయారుచేయాలంటే సాధారణంగా పిండిపదార్థాన్ని ముందుగా ఎంజైములతో చక్కెరగా విడగొట్టి, తరువాత పులియబెట్టాలి. జీవీ6 ఆ రెండు పనులనూ తానే చేస్తుంది. విష్ణు, శీనయ్య, గోపాల్ రెడ్డి గార్లు ఈ విషయమై 2000లో పత్రం ప్రచురించారు.

అయితే ఈ బాక్టీరియాకు పిండి ఒక్కటే చాలదు. అమైనో ఆమ్లాలు, విటమిన్లు కూడా కావాలి. అందుకు వాడే పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఖరీదైనవి. అదే విభాగంలో ఎం.డి. అల్తాఫ్ గారు సహచరులతో కలిసి ఈ చిక్కును చేపట్టారు. ఆ ఖరీదైన పోషకాలకు బదులు మసూర్ పప్పు పిండిని, రొట్టెల తయారీలో వాడే ఈస్టును ఉపయోగించవచ్చునని 2006, 2007 సంవత్సరాల పత్రాలలో చూపారు. లాక్టిక్ ఆమ్లం ఆహార పరిశ్రమకూ, ఔషధాలకూ, జీవవిచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్ తయారీకీ అవసరం. పిండిపదార్థం మన ప్రాంతపు మొక్కజొన్నలో ఉంది. మసూర్ పప్పు మన వంటింట్లో ఉంది. 2008లో వెలువడిన వారి సమీక్షా వ్యాసంపై గోపాల్ రెడ్డి, అల్తాఫ్, నవీన, వెంకటేశ్వర్, విజయ్ కుమార్ గార్ల పేర్లు ఒకే వరుసలో ఉన్నాయి. మనం కోరుకునే సమానత్వం అటువంటిది.

2006లోనే సచార్ కమిటీ నివేదిక కూడా వచ్చింది. దేశంలోని పేరెన్నికగన్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పీజీలో 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తేల్చింది. డిగ్రీ నుంచి పీజీకి వెళ్లేసరికి మన వాటా సగానికి పడిపోయింది. తెలివి సగమైపోయిందా? కాదు. డిగ్రీ చేతికి రాగానే ఇంటికి సంపాదన కావాలి. పరిశోధన మరో ఐదారేళ్లు అడుగుతుంది.

ఆ ఐదారేళ్లను ఆదుకునేందుకే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2009-10లో మొదలైంది. ఇతర పథకాలు ఇదే ప్రయోజనాన్ని నెరవేరుస్తున్నాయని చెప్పి, కేంద్ర ప్రభుత్వం దాన్ని 2022-23 నుంచి నిలిపివేసింది. ఇంట్లో తొలిసారి పీజీ చదివిన బిడ్డకు ఆ ఇతర పథకాల దారి ఎంతమాత్రం సులభం కాదు. ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలని మేము డిమాండ్ చేస్తున్నాం. అంతవరకు పరిశోధక విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం నెలవారీ భృతి ఇవ్వాలి. ఇది దయాధర్మం కాదు, పౌరులుగా మన హక్కు.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డెయిరీ టెక్నాలజీ కళాశాల మన కామారెడ్డిలోనే ఉంది. ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో ఎందరు ఆ కళాశాల లోపలికి వెళ్లి చూశారు? పదో తరగతి పూర్తికాగానే అక్కడికి తీసుకువెళ్లి చూపించండి. ఏ గ్రూపు చదివితే అక్కడ సీటు వస్తుందో ఇంటర్‌లో చేర్చకముందే విచారించండి. ఆడపిల్ల చదువుతానంటే డిగ్రీతో చాలనకండి. తోడుపెట్టడం నేర్పిన మనమే, పాలు ఎందుకు తోడుకుంటాయో తెలుసుకునే చదువుకూ ఆమెను పంపాలి.