పట్టేసిన రేడియో ముల్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, భవిష్యత్తు గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. దాని గురించి చెప్పడానికి నా తరవాత ఇంకో ఇద్దరున్నారు. నేను పాత రేడియో గురించి చెబుతాను. హెడ్మాస్టరు గారి గదిలో బీరువా మీద ఉండే వాల్వు రేడియో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ప్రదర్శనకి దాన్ని బాగుచేయమని కమిటీ వారు నాకు అప్పగించారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ళ ఫోన్లు. అందరిదీ ఒకటే మాట: "మా నాన్నగారి రేడియో అటక మీంచి దించాం, ట్యూనింగ్ నాబ్ పట్టేసింది, ఏం చేయమంటావు?" కొందరు నన్ను అడిగేలోపే తుప్పు వదిలించే స్ప్రే కొట్టేశారు. ఒకాయన కటింగ్ ప్లేయర్ పెట్టి తిప్పారు. అందుకే ఈ పది నిమిషాలూ దీనికే వాడుకుంటున్నాను.

ముందు, అది ఎందుకు పట్టేస్తుందో చూద్దాం. నాబ్ తిప్పితే సన్నటి కడ్డీ తిరుగుతుంది. దానికి చుట్టిన తాడు పెద్ద చక్రాన్ని లాగుతుంది. ఆ చక్రం గ్యాంగ్ కండెన్సర్‌ను తిప్పుతుంది. అదే తాడు ముల్లును కూడా జరుపుతుంది. గ్యాంగ్ అంటే ఒకదాని సందులోకి ఒకటి దూరే పల్చటి అల్యూమినియం రేకుల వరస. రేకులు పూర్తిగా లోపలికి పోతే మీడియం వేవ్‌లో 530 కిలోహెర్ట్జ్ దగ్గర, పూర్తిగా బయటికొస్తే 1600 దగ్గర ఉంటాం. ఫ్రీక్వెన్సీ మూడింతలు కావాలంటే కెపాసిటీ తొమ్మిదో వంతుకి తగ్గాలి. ఫిజిక్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు, లెక్క తప్పైతే లేచి చెప్పొచ్చు. ఇంత పని జరిగేది అర మిల్లీమీటరు కూడా లేని సందుల్లో. ఒక్క రేకు వంగి పక్కదాన్ని తాకిందా, ముల్లు అక్కడికి రాగానే రేడియో మూగబోతుంది.

ఈ కదిలే భాగాలకి ఫ్యాక్టరీలో గ్రీజు రాశారు. ఏళ్ళు గడిచేకొద్దీ అందులోని నూనె ఆరిపోయి మిగతాది లక్కలా గట్టిపడుతుంది. అంటే చాలా సెట్లలో మనం అనుకునే తుప్పు కాదది, ఎండిన గ్రీజు. తుప్పైతే కొరుకుతుంది, లక్క కరుగుతుంది. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

చేయి పెట్టే ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు. ఏసీ, డీసీ రెండింటికీ పనికొచ్చేలా చేసిన సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ఇనప చట్రం నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు అటుదిటైతే చట్రమంతా 230 వోల్టులు. నాబ్‌ను బిగించే చిన్న మర మీద మైనం పూసి ఉండేది అందుకే, వేలు తగలకుండా. దాన్ని మురికి అనుకుని గీకి వదిలేయకండి. పని అయ్యాక మళ్ళీ మైనం నింపండి.

తరవాత, పట్టేసింది ఎక్కడో తేల్చుకోవాలి. తాడు ఏ దారిన పోతోందో, కడ్డీకి ఎన్ని చుట్లున్నాయో ఫోటో తీసుకోండి. నేనైతే బొమ్మ కూడా గీసుకుంటాను, ఫోటోలో వెనకవైపు చుట్టు కనపడదు. అప్పుడు తాడు వదులు చేసి, గ్యాంగ్ చక్రాన్ని చేత్తో మెల్లగా కదిపి చూడండి. అది తిరిగితే తప్పు నాబ్ కడ్డీలోనో, ముల్లు జారే పట్టాలోనో ఉన్నట్టు. తిరక్కపోతే గ్యాంగ్ బేరింగుల్లో. బడి రేడియోలో కడ్డీ పట్టేసింది, గ్యాంగ్ శుభ్రంగా ఉంది. ఎవరైనా బలవంతాన తిప్పి ఉంటే తాడు పుటుక్కున తెగేది.

మందు చాలా చిన్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇంజెక్షన్ సిరంజి. కడ్డీ తొర్రలోకి దిగే చోట ఒక్క చుక్క. హెయిర్ డ్రైయర్‌తో కాస్త వేడి, అదీ ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోయిన తరవాతే, లేకపోతే అంటుకుంటుంది. రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే రెండు వేళ్ళతో అటు ఇటు వెంట్రుకవాసి కదపాలి. కదలకపోతే ఇంకో చుక్క, ఇంకో రాత్రి. బడి రేడియో నాలుగో రోజు కదిలింది. మా ఆవిడ మూడో రోజే దాన్ని డైనింగ్ టేబుల్ మీంచి తీసేయమంది, అది వేరే కథ. కదిలాక పాత జిడ్డంతా తుడిచేసి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. తాడుకి మాత్రం నూనె తగలకూడదు, జారిపోతుంది. గ్యాంగ్ మీద పనిచేసేటప్పుడు రేకులన్నీ లోపలికి మూసి ఉంచితే వంగవు.

స్ప్రే వద్దనడానికి కారణం చెబుతాను. అది కొట్టిన చోట ఆగదు. రేకుల మధ్యకి పోయి దుమ్ము పట్టిస్తుంది, తాడును జారుడు చేస్తుంది. అన్నిటికంటే ఘోరం డయల్ అద్దం. ఊళ్ళ పేర్లు అద్దం వెనకవైపు అచ్చేసి ఉంటాయి. ఆ రంగు ఏళ్ళు గడిచి పొడిపొడి అయి ఉంటుంది, తడిగుడ్డకే ఊడొస్తుంది. స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచిన ఒక మిత్రుడి రేడియోలో మద్రాసు పోయింది, కొలంబో పోయింది, ఢిల్లీ ఒక్కటి మిగిలింది. కండెన్సర్ పోతే ఇంకోటి దొరుకుతుంది. వాళ్ళ నాన్నగారు రోజూ వేలు పెట్టి చూపించిన ఆ కొలంబో ఇంక దొరకదు.

ఒక జబ్బుకి మాత్రం మందు లేదు. కొన్ని పాత సెట్లలో చక్రాలు, బిళ్ళలు జింకు మిశ్రమంతో పోతపోసినవి. అందులో సీసం లాంటి కల్తీ కాస్త ఎక్కువున్నా, వేడికీ తేమకీ లోపల్నుంచి తినేసి ఉబ్బుతుంది. మన కోస్తా గాలి దానికి మరీ చేటు. పైన బీటలు కనపడితే ఆల్కహాల్ పోయకండి, కదపకండి. ఆ భాగం మార్చాల్సిందే, లేదా రేడియోను అలాగే అలంకారంగా ఉంచుకోవాల్సిందే. నేను రెండోదానికే ఓటేస్తాను.

ఇంకో మాట. నాబ్ తిరిగింది కదా అని ఆ ఉత్సాహంలో ప్లగ్గు పెట్టేయకండి. లోపలి పాత పేపరు కండెన్సర్లు పరీక్షించి మార్చిన తరవాతే కరెంటు. అది తెలిసినవాళ్ళ చేత చేయించండి.

బడి రేడియో పక్క గదిలో, పాత ఫోటోల బల్ల మీద ఉంది. డయల్ మీద అంకెలు మీటర్లలో ఉంటాయి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ కాబట్టి ముల్లును 358 మీటర్ల దగ్గరికి జరపండి. భోజనాల తరవాత అక్కడే ఉంటాను. మీ రేడియోల ఫోటోలు ఫోన్లో ఉంటే చూపించండి, ముందు నుంచి తీసినవి కాదు, వెనక మూత విప్పి తీసినవి.