షూటింగ్ రేంజ్ వేరు, చేతి సంచిలో తుపాకీ వేరు

(మాదాపూర్‌లో ముస్లిం మహిళా ఉద్యోగులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకిచ్చిన అంశం 'మహిళల ఆత్మరక్షణ'. కానీ ఈ ప్రాంతంలోని మన కుటుంబాల నుంచి మాకు ఎదురవుతున్న ప్రశ్న ఇంతకంటే సూటిగా ఉంది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి సెలవు రోజున షూటింగ్ నేర్చుకుంటానంటోంది, పంపవచ్చునా? అమ్మాయిలు ఇంకో అడుగు ముందుకు వేసి, లైసెన్సు తీసుకుని రివాల్వర్ దగ్గర ఉంచుకోవచ్చునా అని అడుగుతున్నారు. తల్లులు మాత్రం గొంతు తగ్గించి వేరే మాట అడుగుతున్నారు: "మన పేరుగల పిల్ల చేతిలో తుపాకీ ఉన్న ఫొటో రేపు ఎవరి ఫోన్‌లోనో తిరిగితే మా గతేమిటి?" ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఒకటి కాదు.

మొదట క్రీడ సంగతి. గచ్చిబౌలి, సెంట్రల్ యూనివర్సిటీ పరిసరాలు 2002 జాతీయ క్రీడలకూ, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ సిద్ధమైన ప్రాంతం. షూటింగ్ రేంజ్ ఆ కాలపు వారసత్వమే. అద్దాల మేడల్లో పనిచేసే మన పిల్లలకు అది కూతవేటు దూరం. లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదు వాడు. 2018లో పదమూడేళ్ల ఈషా సింగ్ జాతీయ సీనియర్ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలతో ఇంటికి వచ్చింది. ఆమె కూడా ఈ నగరపు బిడ్డే.

ఈ క్రీడలో కండబలం కంటే శ్వాస మీద, వేలి మీద, మనసు మీద అదుపు ముఖ్యం. ఎయిర్ పిస్టల్ పోటీలో లక్ష్యం మధ్యనున్న పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్‌లో అయితే అది అర మిల్లీమీటరు చుక్క. 75 నిమిషాల్లో 60 గుళ్లు పేల్చాలి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చాలాకాలం ఆడవారికి 40 గుళ్లే ఉండేవి, మగవారికి 60. 2018 నుంచి ఇద్దరికీ సమానం చేశారు. 1992 బార్సిలోనాలో చైనాకు చెందిన జాంగ్ షాన్ మగవారితో కలిసి పోటీపడి స్కీట్ విభాగంలో స్వర్ణం గెలిచింది. తర్వాతి ఒలింపిక్స్‌లో ఆ విభాగంలో ఆడవారికి ప్రవేశమే లేకపోయింది. 2000లో వేరే పోటీగా మళ్లీ వచ్చింది. ఆడది గెలిస్తే ఆట నియమం మారడం మనకు కొత్త కాదు కదా!

పరదా అడ్డమవుతుందా అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఖతర్ జెండా పట్టుకుని నడిచిన బహియా అల్-హమద్ హిజాబ్ ధరించిన రైఫిల్ షూటరే. ఇరాన్‌కు చెందిన ఎలాహె అహ్మదీ అదే ఒలింపిక్స్‌లో తల కప్పుకునే ఫైనల్‌కు చేరింది. మలేషియా క్రీడాకారిణి నూర్ సుర్యానీ తైబీ ఎనిమిదో నెల గర్భంతో పోటీలో నిలబడింది. ఇక మన తెలంగాణలో నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ ఉంది. బాక్సింగ్ ఆడపిల్లల ఆటా అన్న బంధువుల నోళ్లు 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ఆమె గెలిచిన ప్రపంచ టైటిళ్లతో మూతబడ్డాయి. కనుక పంపవచ్చునా అంటే పంపవచ్చును. ఇందులో మాకు సందేహం లేదు.

రేంజ్‌లో పిల్లకు మొదట నేర్పేది కాల్చడం కాదు, కాల్చకుండా ఉండడం. ఏ తుపాకీనైనా గుండు నింపినదిగానే భావించాలి. దాని మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. గురి కుదిరి కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గరును తాకరాదు. లక్ష్యం వెనుక ఏముందో తెలియాలి. 'స్టాప్' అన్న మాట వినబడితే చేయి అక్కడికక్కడే ఆగాలి. ఆడనప్పుడు గొట్టంలో రంగు తాడు దూర్చి, లోపల ఏమీ లేదని అందరికీ కనబడేలా ఉంచాలి. ఎయిర్ గన్ గుళ్లు సీసంతో చేసినవి కనుక చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తెరవరాదు. ఇంట్లో తుపాకీ ఒకచోట, గుళ్లు మరోచోట, రెండింటికీ తాళం ఉండాలి. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చే కుర్రకారు ఈ పాఠం ఒక్కరోజు విన్నా బాగుండును. 2019 సవరణ చట్టం ఆ వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అన్నది.

ఇక లైసెన్సు సంగతి. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవాళ్లం కనుక దీని గురించి కొంత వివరంగా చెబుతాము. 20 జౌళ్లకు మించని శక్తి, 4.5 మిల్లీమీటర్లకు మించని బోరు ఉన్న ఎయిర్ గన్నులకు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. నేర్చుకునేవారికి అవే చాలు. నిజమైన తుపాకీకి 1959 ఆయుధ చట్టం వర్తిస్తుంది. 21 ఏళ్లు నిండాలి, భద్రతా శిక్షణ పొందాలి, పోలీసు విచారణ జరగాలి. కమిషనరేట్ పరిధిలో నిర్ణయం కమిషనర్‌ది. దరఖాస్తు ఇవ్వగానే హక్కుగా చేతికి వచ్చే కాగితం కాదిది.

ఆ కాగితం వచ్చిందే అనుకుందాం. 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే చిన్న రివాల్వర్‌ను ఆడవారి కోసమని ప్రకటించి విడుదల చేసింది. 500 గ్రాముల బరువు, ధర లక్షా ఇరవై వేల రూపాయలకు పైనే. ఈ కారిడార్‌లో రాత్రి పదింటికి షేర్ ఆటో ఎక్కేది ఎవరు? ఆఫీసుల్లో నేల తుడిచి, భోజనశాలల్లో గిన్నెలు కడిగి ఇల్లు చేరే అక్కలు. వారి ఏడాది సంపాదనలో ఎంత భాగం పెడితే ఆ నిర్భయత్వం దొరుకుతుంది? కొనగలిగినవారి సంగతైనా చూడండి. 2013 అక్టోబరులో మాదాపూర్ మాల్ దగ్గర క్యాబ్ అనుకుని కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి జరిగిన ఘోరం, పోలీసులు 'అభయ' అని పేరు పెట్టిన ఆ కేసు, మీకు గుర్తుండే ఉంటుంది. నడుస్తున్న కారులో, లాక్ పడిన తలుపుల మధ్య, సంచి అడుగున ఉన్న ఆయుధం ముందుగా ఎవరి చేతికి చిక్కుతుంది? ఈ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలవారిని మేమింతవరకు చూడలేదు.

చట్టం ఆత్మరక్షణ హక్కును కాదనలేదు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి ప్రమాదంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా ఆ హక్కు కాపాడుతుంది. అయితే అవసరానికి మించి హాని చేయరాదన్నది షరతు. ఎంత అవసరమో తర్వాత కోర్టులో తేలుతుంది. ఆ బోనులో నిలబడేది మన పిల్ల అయినప్పుడు ఆమె పేరు కూడా ఆమెతోపాటు నిలబడుతుందని మర్చిపోరాదు.

తల్లుల భయానికి మూలం ఇక్కడే ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పట్టుబడి, నిర్దోషులుగా బయటపడిన మన యువకులకు ప్రభుత్వమే పరిహారం, సచ్ఛీలతా ధ్రువపత్రాలు ఇవ్వవలసి వచ్చింది. పోయిన ఏళ్లు ఏ పత్రంతోనూ తిరిగి రాలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన దారుణంలో నిందితులు నలుగురు. సామాజిక మాధ్యమాల్లో మాత్రం కొందరు ఒక్క ముస్లిం పేరునే పట్టుకుని ఊరేగించారు. డిసెంబరు 6న ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకు వచ్చి, చంపే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పేనాటికి ఆ పూలు ఎవరికీ గుర్తు లేవు. ఆ సోదరికి న్యాయం జరగాలని మనమూ కోరాం. విచారణ లేకుండా పేలిన తుపాకీని న్యాయమనలేము.

అందువల్ల నేర్చుకోదలచిన పిల్లలకు కొన్ని మాటలు కచ్చితంగా చెబుతున్నాము. ప్రభుత్వ రేంజ్‌లోనో, గుర్తింపు పొందిన అకాడమీలోనో చేరండి. సభ్యత్వ రసీదు, ఎయిర్ గన్ కొన్న బిల్లు దాచుకోండి. తుపాకీ పట్టుకుని ఫొటోలు దిగవద్దు, దిగినా పంచవద్దు. వేరే మతాల వారు తమ బాలికలకు శిబిరాలు పెట్టి ఎయిర్ గన్నులు పట్టిస్తున్నారు, మనమూ పెడదామని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. మేము దీన్ని పూర్తిగా వ్యతిరేకిస్తున్నాము. ఈషా పక్కన ఫాతిమా నిలబడి ఒకే కోచ్ మాట వినే చోటే మన పిల్ల ఉండాలి.

ఇక రోజువారీ రక్షణకు అడగవలసినవి అడగడమే మేలు. కంపెనీ ఏర్పాటు చేసే వాహనం కూడా 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద పని ప్రదేశమే. కనుక డ్రైవరు మాట తూలినా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అలా చేయండి, ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోండి. 2014 అక్టోబరు నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఈ కారిడార్‌లో మహిళలకు ఉచితంగా నడిచే షీ షటిల్ బస్సులున్నాయి. 112 ఉంది. పాతబస్తీ నుంచి వచ్చి అంతర్జాతీయ పతకాలు గెలిచిన సయ్యదా ఫలక్ వంటివారు కరాటే బాట చూపారు. పట్టు విడిపించుకుని పరుగెత్తడం నేర్చుకోవడానికి లైసెన్సు అడిగేవాడు లేడు.

రేంజ్ చూడదలచినవారు సమావేశం ముగిశాక తమ పేరు, వయసు, ఫోన్ నంబరు ద్వారం దగ్గరున్న పుస్తకంలో రాయండి. తల్లులు కూడా వెంట రావచ్చు. కోచ్‌ను అడగవలసిన ప్రశ్నలన్నీ అక్కడే అడగవచ్చు.