కొత్తగా వచ్చేవాడికి దారి ఉందా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరి వృత్తి గురించి వాళ్లు పది నిమిషాలు, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాలని నిర్వాహకులు నియమం పెట్టారు. డాక్టర్లకూ, లాయర్లకూ ఇది తేలికే. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకే కష్టం. అయినా మా రంగంలో బయటివాళ్లకు కనిపించని ఒక పని గురించి చెబుతాను. దాని పేరు బిల్డ్ టూల్.

మేం రాసే ప్రోగ్రామును సోర్స్ కోడ్ అంటాం. అది మనుషులు చదివే రాత. యంత్రానికి అర్థం కావాలంటే దాన్ని యంత్రభాషలోకి మార్చాలి. పెద్ద ప్రోగ్రాములో ఇలాంటి ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఏది ముందు మార్చాలి, ఏది దేని మీద ఆధారపడింది, నిన్నటి నుంచి ఏది మారింది అని చూసుకునేదే బిల్డ్ టూల్. పెళ్లి వంటలో వంటమేస్త్రి లాంటిదనుకోండి. పప్పు ఉడికాకే పోపు పెట్టాలని ఆయనకు తెలుసు. సాంబారులో ఉప్పు తగ్గితే సాంబారే సరిచేస్తాడు కానీ వంటంతా మొదటినుంచి వండడు.

ఇలాంటి టూల్స్‌లో తొలి తరానికి చెందినది ‘మేక్’. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక తప్పును సరిదిద్దాడు కానీ, ఆ ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు. దాంతో సరిగ్గా ఉన్న ప్రోగ్రాములోనే తప్పు వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడు. ఆ చిరాకులోంచి పుట్టింది మేక్. అందులో ఒక వింత నియమం ఉంది. ఆదేశం ఉన్న వరస ట్యాబ్‌తో మొదలవ్వాలి, ఖాళీలు పెడితే కుదరదు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అది ఇబ్బందని ఫెల్డ్‌మన్‌కు త్వరలోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది దాన్ని వాడుతున్నారు. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అలాగే వదిలేశాడు. యాభై ఏళ్లుగా ప్రపంచమంతా ఆ ట్యాబ్ నొక్కుతూనే ఉంది. బిల్డ్ టూల్ విషయంలో తీసుకున్న నిర్ణయానికి ఆయుష్షు ఎక్కువ. అందుకే ఎంపిక దగ్గరే ఆలోచించాలి.

ఇక ఓపెన్ సోర్స్. ఈ పద్ధతిలో కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. జీతం ఇచ్చి చేయించేవాళ్లు ఉన్నా, స్వచ్ఛందంగా చేసేవాళ్లు చాలామంది. ఉద్యోగంలో అయితే ప్రోగ్రాము మొదటిరోజు బిల్డ్ కాకపోయినా కుర్రాడు రెండోరోజు వస్తాడు, జీతం ఉంది కనుక. స్వచ్ఛందంగా వచ్చినవాడు మాత్రం సాయంత్రమంతా కుస్తీపట్టి, కంప్యూటర్ మూసేసి వెళ్లిపోతాడు. ఫిర్యాదు కూడా చేయడు. ఎవరు వచ్చారో, ఎందుకు వెళ్లారో ప్రాజెక్టుకు తెలియనే తెలియదు.

ఈ విషయంలో నాకు నచ్చిన ఉదాహరణ కేడీఈ. లినక్స్ కంప్యూటర్లకు తెర, కిటికీలు, మెనూలు అందించే ప్రాజెక్టు అది. 1996లో జర్మనీలో మొదలైంది. మొదట్లో వాళ్లు ఆటోటూల్స్ అనే పాత పద్ధతి వాడేవారు. అది పనిచేసేది కానీ, పూర్తిగా తెలిసినవాళ్లు కొద్దిమందే. ఒక ఫోల్డరును ఇంకోచోటికి మార్చాలన్నా ఆ కొద్దిమంది దగ్గరికే పరుగెత్తాలి. కేడీఈ నాలుగో వెర్షన్‌ను విండోస్, మ్యాక్‌ల మీద కూడా నడపాలనుకున్నారు. పాత పద్ధతితో అది సాగదు.

2005లో స్పెయిన్‌లోని మాలగాలో సమావేశమై, పైథాన్ భాషలో రాసిన ఎస్‌కాన్స్ వైపు వెళ్లాలని నిశ్చయించారు. చూడ్డానికి మంచి ఎంపికే. కానీ కేడీఈ అంత పెద్ద ప్రాజెక్టుకు దాన్ని సరిపెట్టాలంటే చాలా మార్పులు చేయాల్సి వచ్చింది. ఆ భారమంతా ఒకరిద్దరి మీద పడింది. లినక్స్ దాటి బయటికి వెళితే చిక్కులు వచ్చాయి. 2006 మొదట్లో సీమేక్ వైపు చూశారు. అమెరికాలో కిట్‌వేర్ అనే సంస్థ, వైద్య చిత్రాలను విశ్లేషించే ఒక ప్రాజెక్టు కోసం తయారుచేసిన టూల్ అది. సీమేక్ భాష అందంగా ఉంటుందని దాన్ని వాడేవాళ్లు కూడా అనరు. కానీ ఆ టూల్ చేసినవాళ్లే ముందుకొచ్చి కేడీఈకి కావలసిన మార్పులు చేసిచ్చారు. కొద్ది వారాల్లోనే కేడీఈ మూల లైబ్రరీల్లో చాలాభాగం కొత్త పద్ధతిలో బిల్డ్ అయింది. 2008 జనవరిలో నాలుగో వెర్షన్ దాంతోనే విడుదలైంది.

గమనించండి. గెలిచింది అందమైన టూల్ కాదు, పిలిస్తే పలికే మనుషులున్న టూల్.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఫోనులో ‘స్త్రీ’ అనే మాట చదువుతున్నారు కదా. కంప్యూటర్ లెక్కలో అవి ఆరు విడి సంకేతాలు. వాటిని కలిపి, ఒత్తులు ఎక్కడ పెట్టాలో, గుడిదీర్ఘం ఎలా చేర్చాలో తేల్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్‌లోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ తెలుగు కుదురుగా కనిపించడం వెనుక దాని పని ఉంది. అది కూడా ఒకప్పుడు ఆటోటూల్స్‌తో బిల్డ్ అయ్యేది. ఇప్పుడు మెసన్ వాడుతోంది. మెసన్‌ను ఫిన్లాండ్‌కు చెందిన యుస్సీ పక్కనెన్ రూపొందించాడు, తొలి విడుదల 2013లో. బిల్డ్ ఫైలులో సొంత ఫంక్షన్లు రాసుకునే వీలు అందులో కావాలనే ఇవ్వలేదు. బిల్డ్ ఫైలే మరో ప్రోగ్రాముగా పెరిగిపోతే ఎవరూ చదవలేరని.

చదవగలగడం ఎందుకంత ముఖ్యం? 2024 మార్చిలో జరిగింది చూడండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ చాలా లినక్స్ యంత్రాల్లో ఉంటుంది. సహాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన ఒక వ్యక్తి అందులో దొంగదారి పెట్టాడు. దాన్ని పనిచేయించే వరసలు అందరూ చూసే కోడ్‌లో లేవు. విడుదల ప్యాకేజీలోని బిల్డ్ స్క్రిప్టులో దాచాడు. అలాంటి స్క్రిప్టులు ఎవరూ చదవరని అతనికి తెలుసు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో లాగిన్‌కు అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది. లేకపోతే లెక్కలేనన్ని సర్వర్ల తాళాలు ఒకడి చేతికి పోయేవి.

ఈ సభలో నాలాగే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఏ టూల్ వేగంగా నడుస్తుందని ముందుగా అడుగుతాం. అడగాల్సిందే, కానీ నాలుగో ప్రశ్నగా. మొదటిది, కొత్తవాడు ఒక్క సాయంత్రంలో దీన్ని తన కంప్యూటర్‌లో బిల్డ్ చేయగలడా? రెండోది, దీన్ని రాసినవాడు రేపు లేకపోతే మిగిలినవాళ్లు చదివి అర్థం చేసుకోగలరా? మూడోది, చిక్కు వస్తే ఈ టూల్ చేసినవాళ్లు పలుకుతారా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే, టూల్ పేరు సీమేక్ అయినా మెసన్ అయినా, చిన్న ప్రాజెక్టుకు పాత మేక్ అయినా పరవాలేదు.

చివరిగా ఒక విన్నపం. మన బడి కంప్యూటర్ ల్యాబులో పిల్లలు ప్రోగ్రాములు రాస్తున్నారు. చాలా సంతోషం. ఎవరో రాసిన ప్రోగ్రామును తెచ్చి, బిల్డ్ చేసి, ఒక్క వరస మార్చి మళ్లీ బిల్డ్ చేసే అవకాశం కూడా వాళ్లకు ఇద్దాం. పరాయి ఇంట్లో పనిచేయడం నేర్చుకున్న పిల్లవాడు, రేపు తన ఇల్లు కట్టేటప్పుడు వచ్చేవాళ్ల గురించి ఆలోచిస్తాడు. మాస్టార్లు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో నాలుగు శనివారాలు నేను వస్తాను. తోటి ఇంజనీర్లు ఇంకో ఇద్దరు చేయి కలిపితే ల్యాబు మొత్తానికి సరిపోతాం. సభ అయ్యాక భోజనాల దగ్గర పేర్లు రాసుకుంటాను, తప్పించుకోకండి.