విత్తనానికి వదిలిన కాయ

సొరపాదు కాసే ఇంట్లో ఒక కాయను మాత్రం కోయరు. పొడవుగా, వంకర లేకుండా, పుచ్చు తగలకుండా ఎదిగిన కాయను చూసి ఇంటి పెద్దావిడ దానికో గుడ్డపేలిక కడుతుంది. ఆ తర్వాత కూరకు కరువొచ్చినా దాని జోలికి ఎవరూ పోరు. తొక్క గట్టిపడి, తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనే దాకా అది అక్కడే వేలాడుతుంది. కాయలో వందల గింజలుంటాయి. ఇంటికి కావలసినవి నాలుగో ఐదో. మిగతావన్నీ ఎక్కడికి పోయేవన్నదే ఈ రోజు నేను చెప్పదలచిన చరిత్ర.

మన వికారాబాద్, తాండూరు వైపు విత్తనం రెండు దారుల్లో నడిచింది. జొన్న, కంది, శనగలది ఒక దారి. దాని లెక్క మగవాళ్లది, కొలత శేర్లలో, బస్తాల్లో. విత్తనం మిగలని ఏడాది షావుకారి ఇంటికో దొర గడీకో వెళ్లి నాగు తెచ్చుకోవలసిందే. విత్తే రోజుల్లో బస్తా తెస్తే కోతలప్పుడు బస్తాన్నర కొలవాలి. వానలు మోసం చేస్తే ఆ బాకీ పై ఏటికి పెరిగి కూర్చుంటుంది. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటం ఎదిరించిన వాటిలో వెట్టితో పాటు ఈ నాగు కూడా ఉంది.

కూరగాయల గింజది రెండో దారి. దీనికి నాగు లేదు, పత్రం లేదు, సాక్షి లేడు. పిడికెడు బీర గింజల మీద వడ్డీ కట్టే తెలివి ఏ షావుకారికీ రాలేదు. వచ్చినా గిట్టుబాటయ్యేది కాదు. అందుకే అది ఆడవాళ్ల చేతుల్లో మిగిలిపోయింది. మిరుగం ముందర, మొదటి వాన పడగానే, ఒకరి ఇంటి బీర గింజలు పక్కింటికి, పక్కింటి చిక్కుడు గింజలు ఇటు. తీసుకున్నావిడ అదే ఏడాది, అదే రకం ఇవ్వాలన్న రూలేమీ లేదు. నాలుగేళ్ల తర్వాత ఈమె పాదు వానకు కుళ్లిపోతే ఆమె ఇంటి నుంచి మళ్లీ అవే గింజలు తిరిగొచ్చేవి. ఊళ్లో పది ఇళ్లకు పంచిన రకం ఒక ఇంట్లో పోయినా ఊళ్లో పోదు. పంచడం మంచితనం కోసమే కాదు, ముందుచూపు కూడా.

ఈ గింజలు ఊరు దాటడానికి పెద్ద వాహనం పెళ్లి. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవని ఈ తరంలో చాలామందికి తెలియదు. ఆ ఏడాది నవంబరు 1న గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి పోయింది, ఈ రెండు తాలూకాలు ఇటు వచ్చాయి. కచేరీ కాగితాలు మారాయి కానీ చుట్టరికాలు మారలేదు. సేడం, చించోళి వైపు పిల్లనివ్వడం, అటునుంచి తెచ్చుకోవడం ఆగలేదు. పుట్టింటికి వచ్చిన పిల్ల తిరిగి వెళ్లేటప్పుడు కొంగు చివర ముడేసుకుని వెళ్లిన పుంటికూర గింజలను ఏ సరిహద్దు దగ్గరా ఎవరూ ఆపలేదు.

ఇక్కడొక మాట. నాటు, మన పాత రకం అని మనం గర్వంగా చెప్పుకునే వాటిలో సగం పరాయి దేశాల నుంచి వచ్చినవే. వంకాయ, దోస, బీర ఈ గడ్డవే. సొర, చిక్కుడు ఆఫ్రికా నుంచి ఎప్పుడో వేల ఏళ్ల కిందట వచ్చాయి. మిరప, టమాటా అమెరికా ఖండం నుంచి, పోర్చుగీసు ఓడలు మన తీరాలకు రావడం మొదలయ్యాక. కూరగుమ్మడి కూడా అంతే. బతుకమ్మలో పచ్చగా మెరిసే గుమ్మడి పువ్వు పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది! మరి ఆ పువ్వు లేని బతుకమ్మను ఇప్పుడు ఊహించగలమా? చేతులు మారకపోతే ఏ విత్తనమూ నాటు కాదు. ఎన్నో తరాల ఆడవాళ్లు తమ మట్టికి, తమ ఎండకు తట్టుకున్న మొక్క నుంచే గింజ తీస్తూ పోయారు గనుక అవి మనవయ్యాయి.

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వేసిన నిజాం రైలు తాండూరు, వికారాబాద్ మీదుగానే పోతుంది. రైలొస్తే బజారు పెరుగుతుంది. అయినా చాలాకాలం దాకా కూరగాయల గింజ బజారు సరుకు కాలేదు. మార్పు స్వాతంత్ర్యం తర్వాతే. ఢిల్లీలోని పూసా సంస్థ పూసా రూబీ టమాటా, పూసా సావనీ బెండ వంటి రకాలను దేశమంతా పంచింది. 1963లో జాతీయ విత్తన సంస్థ వచ్చింది. ఈ రకాల నుంచి గింజ తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఇప్పుడు నాటు టమాటా అని మనం ముద్దుగా పిలిచే వాటిలో కొన్ని ఆ సర్కారు టమాటాల మనవరాళ్లేనని నా అనుమానం. అసలు దెబ్బ హైబ్రిడ్లతో పడింది. 1970ల తొలి సగంలో బెంగళూరు కంపెనీ ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ హైబ్రిడ్ టమాటాను అమ్మకానికి తెచ్చింది. హైబ్రిడ్ కాయ నుంచి గింజ తీసి వేస్తే మొలుస్తుంది, కాస్తుంది కూడా. కాకపోతే ఒక్కో మొక్క ఒక్కో తీరు. నమ్మకంగా పక్కింటికి ఇవ్వలేని గింజ అది. ఏటా కొనుక్కోవాలి. విత్తనానికి కాయ వదిలే అలవాటు చాలా ఇళ్లలో ఇలాగే పోయింది.

ఈ లోపల కంది మరో తోవన సాగింది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. ఎండు తెగులును తట్టుకునే మారుతి కంది 1986లో, ఆశ కంది 1993లో అక్కడి నుంచే విడుదలయ్యాయి. తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టింది యాలాల రైతుల కంపెనీ. నాపరాయి మీద పరుచుకున్న ఈ నల్లరేగడిలో ఆటపుల్గైట్ అనే బంకమన్ను ఉందని, ఆ పప్పు రుచికి, త్వరగా ఉడకడానికి అదీ ఒక కారణమని అందులో చూపించారు. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పంట పేరుకు రక్షణ, గింజకు కాదు. అదే చేలో కంది సాళ్ల మధ్య పాకే దోసకు, గట్టున ఉన్న పుంటికూరకు ఏ దస్త్రంలోనూ పేరు లేదు.

వికారాబాద్‌లో బీదర్ వైపు చీలే రైలెక్కితే జహీరాబాద్ వస్తుంది. అక్కడి పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీష్ దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు. అయితే విత్తనాన్ని నిలబెట్టింది దళిత మహిళల సంఘాలు. పేడ అలికిన బుట్టల్లో, కుండల్లో, బూడిద, వేపాకు కలిపి వాళ్లు పదుల కొద్దీ రకాలను దాచారు. సంఘం దగ్గర ఒక కొలత విత్తనం తీసుకుంటే పంటొచ్చాక రెండు కొలతలు ఇవ్వాలి. అంకెల్లో చూస్తే ఇది నాగు కన్నా ఎక్కువే! కానీ ఆ అదనపు కొలత ఏ గడీకీ పోదు. వచ్చే ఏడు మరో ఇంటికి విత్తనమవుతుంది. ఒకప్పుడు తమ తాతలను అప్పుల్లో ముంచిన పద్ధతినే తీసుకుని, దాని మూతిని ఊరి వైపు తిప్పారు వాళ్లు. ఈ ప్రాంత విత్తన చరిత్రలో ఇంతకు మించిన తెలివైన పని నాకు కనపడలేదు.

ఏటా సంక్రాంతికి వాళ్లు పాత పంటల జాతర మొదలుపెడతారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని సుమారు నెలపాటు ఊరూరా తిరుగుతారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టి, తమ పంటల కబుర్లు తామే గాలిలోకి వదిలారు. రేడియోలో మాట్లాడుతూ ఇంకో రేడియోను మెచ్చుకోవడం వింతగా ఉంటుందేమో కానీ, మెచ్చుకోక తప్పదు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఇలాంటి పని వేరే చోట్లా జరిగింది. అమెరికాలో 1975లో భార్యాభర్తలిద్దరు ఇంటి విత్తనాలను ఉత్తరాల్లో మార్చుకునే సంఘం పెట్టారు. మహారాష్ట్రలో రాహీబాయి పోపెరె తన ఇంటినే విత్తనాల కొట్టు చేసి పద్మశ్రీ అందుకుంది. హైదరాబాద్‌లో తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు మిద్దెతోటలను ప్రచారం చేశాక, పట్నం మేడల మీద సొరపాదులు మళ్లీ కనిపిస్తున్నాయి. వాటితోపాటు కవర్లలో గింజలు పంచుకునే అలవాటూ వచ్చింది.

ఇలా ఇస్తే నేరమా అని కొందరు భయపడతారు. కాదు. 1966 విత్తన చట్టంలోనే, తన ఇంటి దగ్గర, తాను పండించిన విత్తనాన్ని నేరుగా మరొకరికి ఇచ్చుకునే, అమ్ముకునే వెసులుబాటు ఉంది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం దాచుకోవడం, వేసుకోవడం, మార్చుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కులని చెప్పింది. రక్షణ పొందిన రకాన్ని ఆ పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మడం ఒక్కటే కూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారు చిక్కుడు, అలసంద, హైబ్రిడ్ కాని టమాటాతో మొదలుపెట్టండి. వీటి పువ్వు చాలావరకు తనతో తానే ఫలదీకరణ చెందుతుంది గనుక రకం చెడదు. పండిన టమాటా గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడిగితే గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. నీడలో ఆరబెట్టండి. సొరకు జాగ్రత్త కావాలి. దాని తెల్ల పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే పురుగులు పుప్పొడి మోస్తాయి. పక్కింట్లో గుండ్రని సొర ఉంటే మీ పొడవు సొర గింజలో ఆ గుణం చేరుతుంది. విచ్చుకోబోయే ఆడ, మగ మొగ్గలకు ముందే దారం కట్టి, సాయంత్రం మీరే పుప్పొడి అద్ది మళ్లీ కట్టేయాలి. కాకరపాదు పక్కన దోస పెడితే చేదవుతుందన్న మాట మాత్రం నమ్మకండి. ఆ రెండూ కలవవు. దోస చేదుకు ఎండ, నీటి కొరత, గింజ గుణం కారణాలు.

గింజలిచ్చేటప్పుడు చిన్న చీటీ పెట్టండి. ఏ ఊరి రకం, ఏ నెలలో ఎండిన కాయ, దగ్గర్లో అదే జాతి పాదు ఇంకేమైనా ఉందా, ఇంతే. ఉల్లి గింజలైతే ఆ ఏడాదే ఇచ్చేయండి, రెండో ఏటికి చాలా వరకు మొలవవు. బాగా ఆరిన సొర, బీర గింజలు మూడు నాలుగేళ్లు ఆగుతాయి. తీసుకునేవాళ్లు దొరికేదాకా డబ్బాలో ఉంచవచ్చు.