జపాను లిపి నేర్పే యాప్: తయారీ, ధర నిర్ణయం



జపాను భాషను రాయడానికి మూడు లిపులు వాడతారు. హిరగానలో మూలాక్షరాలు 46. అవే ధ్వనులకు కతకానలో మరో 46. మూడవది చైనా నుంచి వచ్చిన కాంజి. అందులో ఒక్కొక్క అక్షరమూ ఒక అర్థాన్ని మోస్తుంది. నిత్యవ్యవహారానికి కావలసినవని జపాను ప్రభుత్వం 2010లో ప్రకటించిన జాబితాలో 2136 కాంజి అక్షరాలున్నాయి. నేర్వవలసినది చాలా ఉన్నమాట నిజమే, కాని అంతులేనిది కాదు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసిన చదువు ఇది. ఇటువంటి చదువును ఫోనులో నేర్పే యాప్‌ను ఎలా తయారుచేయాలి, దానికి ఎంత వెల కట్టాలి, ఆ వెలను ఏ పద్ధతిలో తీసుకోవాలి అన్నవి ఈ ప్రసంగంలోని విషయాలు. ధర సంగతి చివర చూసుకోవచ్చుననుకుని తయారీకి దిగేవారే ఎక్కువ. అయితే డబ్బు తీసుకునే పద్ధతిని బట్టే యాప్ స్వభావం ఏర్పడుతుంది. కనుక మొదటి తెర గీయకముందే తేల్చుకోవలసినది అదే.

ఈ నగరంలోని తెలుగు కుటుంబాలకు దీనితో సంబంధం లేకపోలేదు. చెన్నైకి ఉత్తరాన, రాష్ట్రపు సరిహద్దు దాటగానే ఉన్న శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ వంటి జపాను సంస్థల కర్మాగారాలున్నాయి. నిర్దిష్ట నైపుణ్యం గల కార్మికుల విషయమై భారత్, జపాను ప్రభుత్వాలు 2021 జనవరిలో సహకార పత్రంపై సంతకాలు చేశాయి. వృద్ధుల సంరక్షణ వంటి పనులకు ఆ మార్గంలో వెళ్లదలచినవారు జపాను భాషా ప్రావీణ్య పరీక్షలో ఎన్4 స్థాయిలోనో, జేఎఫ్‌టీ-బేసిక్ అనే పరీక్షలోనో ఉత్తీర్ణులు కావాలి. నర్సింగ్ చదివిన అమ్మాయో, ఐటీఐ ముగించిన అబ్బాయో ఉన్న సామాన్య గృహంలో, పరీక్షకు చాలాకాలం ముందు నుంచే నెలనెలా కొన్ని వందల రూపాయలు ఒక యాప్‌కు చెల్లించడమంటే ఆలోచించుకోవలసిన సంగతే.

మొదట తయారీ విషయం. బజారులో పేరు పొందిన యాప్‌లలో అధికభాగం ఇంగ్లీషు మాట్లాడేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వారికి కష్టమైనవన్నీ తెలుగువారికి కష్టం కావు. హిరగాన వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలవుతుంది. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ వర్గాలు వస్తాయి. వర్ణమాల చదివిన చెవికి ఈ క్రమం పరిచితంగా తోచడం యాదృచ్ఛికం కాదు. బౌద్ధంతో పాటు జపాను చేరిన సిద్ధం లిపిని, సంస్కృత వర్ణక్రమాన్ని అధ్యయనం చేసిన భిక్షువుల ప్రభావం ఆ వరుసపై ఉంది. హిందీ లిపిలో లేని హ్రస్వ ఎకార, ఒకారాలు తెలుగులో ఉన్నాయి. జపానుకు అవే కావాలి. ఒబసన్ అంటే పిన్ని లేదా అత్త, ఒబాసన్ అంటే అవ్వ. కితె అంటే వచ్చి, కిత్తె అంటే కోసి. ఇంగ్లీషువారికి పాఠాలకు పాఠాలు పట్టే ఈ భేదాలను, దీర్ఘమూ ద్విత్వమూ తెలిసిన తెలుగు విద్యార్థి వినగానే పట్టుకుంటాడు. చుక్క అన్నప్పుడు పలికే దంత్య చకారమే త్సునామిలోని మొదటి ధ్వని.

ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. హిరగానలో క అక్షరం పైన రెండు చిన్న గీతలు పెడితే గ, త పైన పెడితే ద అవుతుంది. అంటే పరుషాన్ని సరళం చేసే గుర్తు అది. సమాసంలో రెండవ పదపు మొదటి పరుషం జపానులో తరచు సరళంగా మారుతుంది. ఒరి అంటే మడత, కమి అంటే కాగితం. రెండూ కలిస్తే ఒరిగమి. కూర, కాయలు కలిసి కూరగాయలైనట్లు, తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనట్లు. దీనివల్ల రెండు భాషలకూ చుట్టరికం ఉన్నదని అనుకోరాదు. పాఠం చెప్పడానికి మాత్రం ఇది చక్కగా పనికివస్తుంది. గసడదవాదేశ సంధిని బడిలో భారంగా చదివినవారికి అది ఇన్నాళ్లకు అక్కరకు వచ్చే చోటు ఇదే.

కాంజి విషయంలో సైతం ఇంతే. ఒకే అక్షరానికి చైనా నుంచి తెచ్చుకున్న ఉచ్చారణ ఒకటి, దేశీయ ఉచ్చారణ మరొకటి ఉంటాయి. నీటిని సూచించే అక్షరం ఒంటరిగా ఉంటే మిజు, సమాసంలో తరచు సుయి. తెలుగులో జలం, నీరు అనే రెండు మాటలకూ ఒకే గుర్తు ఉండి, జలపాతంలో జల అనీ, విడిగా నీరు అనీ చదవవలసి వస్తే ఎలా ఉండేదో ఊహించుకుంటే చాలు. తత్సమ, దేశ్య పదాల తేడా తెలిసిన పాఠకునికి ఇంతకు మించిన వివరణ అక్కరలేదు. అయితే అక్షర రూపాల దగ్గర ఈ సౌలభ్యాలేవీ పనిచేయవు. తెలుగులో క, కి, కు అనే మూడింటికీ పోలిక కనిపిస్తుంది. హిరగానలో ఆ మూడూ మూడు వేరు ఆకారాలు. గుణింతపు అలవాటును అక్కడ వదలుకోవలసిందే.

ఇక సామగ్రి. కాంజి అక్షరాల అర్థాలు, ఉచ్చారణలు, గీతల సంఖ్య గల కాంజిడిక్ అనే దత్తాంశాన్ని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిమ్ బ్రీన్ ఆరంభించారు. ఏ గీత తరువాత ఏ గీత గీయాలో చూపే చిత్రరూపాలను ఉల్రిక్ అపెల్ ఆరంభించిన కాంజివీజీ అందిస్తోంది. ఈ రెండింటినీ మూలకర్తల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వాటితో చేసిన యాప్‌ను అమ్ముకోవచ్చు. కాని వాటిపై ఆధారపడి చేసిన మార్పులను, చేర్పులను అదే షరతుతో ఇతరులకూ అందుబాటులో ఉంచవలసి ఉంటుంది. మరచిపోయే వేళకు మళ్లీ అడిగే పద్ధతి కూడా రహస్యమేమీ కాదు. మరపు తీరును ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రకటించారు. ఎప్పుడు మళ్లీ అడగాలో లెక్కకట్టే సూత్రాన్ని పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించారు. 2006లో వచ్చిన అంకి దాని ఆధారంగానే మొదలైంది.

అందరికీ దొరికే సామగ్రి పోగా మిగిలేది తెలుగు. ఆ దత్తాంశాలలో తెలుగు అర్థాలు లేవు. ఇంగ్లీషు అర్థాన్ని యంత్రానికిచ్చి తెలుగు చేయిస్తే ఏమవుతుందో, అటువంటి తెలుగులో వచ్చే ప్రకటనలు, దరఖాస్తు పత్రాలు చూసినవారికి తెలుసు. ఒక్కొక్క అక్షరానికీ అర్థం, రెండు ఉదాహరణలు, ఒక చిన్న వివరణ రాసి సరిచూడడానికి 20 నిమిషాలు పడుతుందనుకుంటే, 2136 అక్షరాలకు 712 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 89 పనిదినాలు. యాప్ ఖర్చులో కంటికి కనిపించని భాగం ఇదే. చాలామంది ఎగవేయాలని చూసేదీ ఇదే.

సాంకేతికంగా ఒక చిక్కును ఇక్కడ చెప్పక తప్పదు. జపాను, చైనా భాషలు పంచుకునే చాలా అక్షరాలకు యూనికోడ్‌లో ఒకే సంఖ్య ఉంటుంది. ఫోను తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉన్నప్పుడు, ఇది జపాను పాఠమని యాప్ స్పష్టంగా చెప్పకపోతే, చైనా రూపం తెరపైకి రావచ్చు. ఎముక అనే అర్థమిచ్చే అక్షరపు పైభాగంలోని చిన్న మూల జపానులో కుడివైపు ఉంటుంది, చైనాలో ఎడమవైపు. విద్యార్థి ఆ తప్పు రూపాన్నే నెలల తరబడి దిద్దుతాడు. అది తప్పని అతనికి తెలిసే దారి ఉండదు. జపాను ఫాంటును యాప్‌లోనే చేర్చితే పరిమాణం పెరుగుతుంది, కాని అక్షరాలు నేర్పే యాప్ అక్షరం దగ్గర పొదుపు చేయడం అర్థం లేని పని.

ఇప్పుడు ధర. ప్రస్తుతం ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది ఉచితంగా ఇచ్చి ప్రకటనలు చూపడం. ఇందులో విద్యార్థి తెర ముందు ఎంతసేపు ఉంటే అంత రాబడి. కాని జ్ఞాపకశక్తి లెక్క ప్రకారం అతడు పది నిమిషాలు చూసి ఫోను పక్కన పెట్టాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. రెండవది నెలసరి చందా. వానికాని అనే ప్రసిద్ధ సేవ మొదటి మూడు స్థాయిలను ఉచితంగా ఇచ్చి, తరువాత నెలకు 9 డాలర్లు, ఏడాదికి 89 డాలర్లు, జీవితకాలానికి 299 డాలర్లు అని ధరలు పెట్టింది. అది మంచి సేవే. జీవితకాలపు ధర ఒకటి ఉంచడం మెచ్చదగినది. అయినా చందాలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. త్వరగా నేర్చుకున్న విద్యార్థి యాప్‌కు పోగొట్టుకున్న ఖాతాదారు అవుతాడు. అందువల్లనే కొన్ని యాప్‌లలో పాఠాలకన్న పతకాలు, వరుసదినాల లెక్కలు ఎక్కువ. మూడవది ఒకేసారి కొనుగోలు. అంకి కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం. ఐఫోన్ యాప్‌ను మాత్రం 24.99 డాలర్లకు ఒకేసారి అమ్ముతారు.

ముగింపు ఉన్న చదువుకు ముగింపు ఉన్న ధరే న్యాయం. దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ వ్యవస్థలు ఏటా మారుతుంటాయి. యాప్‌ను సవరిస్తూ ఉండాలి. ఆపిల్‌కు తయారీదారు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌కు 25 డాలర్లు ఒక్కసారి. సర్వరు నడిపితే నెలనెలా ఖర్చు. దీనికి సమాధానం తయారీలోనే ఉంది. అక్షరాలన్నీ ఫోనులోనే ఉండి, ఇంటర్నెట్ లేకుండా పనిచేసేటట్లు చేస్తే సర్వరు ఖర్చు దాదాపు ఉండదు. జపాను ప్రభుత్వం అక్షరాల జాబితాను తరచు మార్చదు. 1981 నాటి 1945 అక్షరాల జాబితా 2010లోనే మారింది; 196 చేరాయి, 5 తొలగిపోయాయి. 29 ఏళ్లకు ఒకసారి వచ్చిన 196 అక్షరాలంటే, పైలెక్కన 66 గంటల పని కూడా కాదు. దాని పేరుతో నెలనెలా చందా అడగడం సబబు కాదు.

లెక్క చూడవచ్చు. హిరగాన, కతకాన పూర్తిగా ఉచితం. జపాను బడిలో మొదటి తరగతికి 80, రెండవ తరగతికి 160 కాంజి అక్షరాలు నిర్ణయించారు. ఈ 240 మొదటి మెట్టు. దీనికి తెలుగు రాయడానికి 80 గంటలు. గంటకు 300 రూపాయలని అనుకుంటే 24,000 రూపాయలు. ఈ మెట్టుకు 99 రూపాయల ధర పెడితే, అందులో కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీ పోగా సుమారు 84 రూపాయలు. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు రాబడి గల తయారీదారులకు 2021 నుంచి ఆపిల్, గూగుల్ తమ కమిషన్‌ను 30 నుంచి 15 శాతానికి తగ్గించాయి. అది కూడా పోతే చేతికి వచ్చేది 71 రూపాయలు. అంటే 340 మంది కొంటే తెలుగు రాసినవారి కూలి తీరుతుంది. తక్కిన 1896 అక్షరాలను 299 రూపాయలకు ఇస్తే దాదాపు 880 మంది కావాలి. కోడు రాసినవారి శ్రమ, ఉచ్చారణల రికార్డింగు ఇందులో చేరలేదు. అవి చేర్చితే కొనేవారి సంఖ్య ఇంకా పెరగాలి. ఇది ధనవంతులను చేసే వ్యాపారం కాదు. 99 రూపాయల మెట్టుతో ప్రారంభించి, దానితో కూలి గిట్టిన తరువాతే రెండవ మెట్టు రాయించడం వివేకం. మొదటే మొత్తం పని తలకెత్తుకున్నవారు సగంలో ఆపితే, డబ్బు కట్టిన విద్యార్థి సైతం సగంలోనే ఆగిపోతాడు.

కొనేవారికి కూడా తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రావీణ్య పరీక్ష నిర్వాహకులు 2010 నుంచి స్థాయిల వారీ అక్షర జాబితాలను ప్రకటించడం లేదు. ఎన్5 అధికారిక జాబితా అని ఏ యాప్ చెప్పినా నమ్మరాదు. ఫోనులో యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో గాని ఆప్ స్టోర్‌లో గాని చందాల విభాగానికి వెళ్లి విడిగా రద్దు చేసుకోవాలి. కార్డు నుంచి నెలనెలా సొమ్ము తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ఖాతాదారుకు సందేశం రావాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతోంది. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచివేయరాదు. తేలికగా చేర్చుకుని రద్దు దారిని దాచిపెట్టే చందా ఉచ్చును, ఈ రాత్రితో తగ్గింపు సరి అనే అబద్ధపు తొందరను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలలో 13 రకాల మోసపూరిత పద్ధతుల కింద చేర్చింది. అటువంటివి ఎదురైతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. సొమ్ము చెల్లించిన రోజు వచ్చిన రసీదును, ధర కనిపించిన తెర చిత్రాన్ని అప్పటివరకు భద్రంగా ఉంచుకోవాలి.