పసిబిడ్డ వాటా
(నాంపల్లి సభలో మాట్లాడిన పాఠం)

ఆబిడ్స్ దుకాణాల్లో పసిపిల్లల పాలడబ్బాలు చూసుకుంటనే ఇక్కడికి వచ్చినం. ఆ డబ్బా అంగన్‌వాడీ లెక్కల రాదు. దాని ప్రచారాన్నే 1992 చట్టం నిషేధించింది. 6 నెలలదాకా తల్లిపాలే. అందుకని బువ్వ బాలింతకు పెట్టాలె. కూలికి పోయిన తల్లి పాలెప్పుడియ్యాలె? దానికి మాత్రం జవాబు లేదు!

6 నెలలు నిండినంక 3 ఏండ్లదాకా బాలామృతం: గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పిండి. నాచారంల తయారైతది. 2013 ఆహార భద్రత చట్టం కింద ఈ వయసు బిడ్డకు ఇంటికి తిండి ఇయ్యాలె.

సెంటర్ ఊరి నడుమ ఉంటే మన వాడ బిడ్డకు ఎట్ల ముట్టాలె? 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది: 6 ఏండ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, సెంటర్ లేని పల్లె, బస్తీ అడిగితే 3 నెలల్ల ఇయ్యాలె. దళిత, గిరిజన వాడలకు ముందు. పిల్లల పేర్లు రాయండి, దరఖాస్తు పెట్టండి, ముట్టినట్టు రశీదు తీసుకోండి.